ముందు తగ్గాల్సింది సరుకుల చీటీలో

బరువు తగ్గాలని నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఫోన్‌లోనే ఒక మాట చెప్తాను: "రక్తపరీక్షల కాగితాలతో పాటు పోయిన నెల కిరాణా చీటీ కూడా తీసుకురండి." గుంటూరులో చాలా ఏళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. చీటీ అడిగితే కొందరు ఆశ్చర్యపోతారు, కొందరు మొహమాటపడతారు. అయినా ఎవరి బరువు ఎందుకు పెరిగిందో ఆ కాగితం చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

ఏం తింటున్నారని అడిగితే దాదాపు అందరి జవాబూ ఒకటే. "పొద్దున రెండు ఇడ్లీలేనండీ. మధ్యాహ్నం కాస్త అన్నం, రాత్రికి రెండు పుల్కాలు. అంతకుమించి ఏం తింటాను మేడం?" అబద్ధం ఆడాలని ఎవరూ అనరు. దొండకాయ వేపుడులో ఎంత నూనె పడిందో, టీలో ఎన్ని చెంచాల పంచదార కలిసిందో, పిల్లవాడు వదిలేసిన అన్నం ఎవరి కంచంలోకి వచ్చిందో ఎవరికీ లెక్క ఉండదు. కొట్లో కొన్నదానికి మాత్రం లెక్క ఉంటుంది. ఇంట్లోకి వచ్చిన నూనె, పంచదార, బియ్యం ఆ ఇంట్లో వాళ్ల ఒంట్లోకే చేరతాయి.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఇదే. నిలకడగా బరువు తగ్గాలంటే ముందు మారాల్సింది ఇంటి కొనుగోళ్లు, ఆ తర్వాత వంట, ఆ తర్వాత వడ్డన. మనిషి పట్టుదల మీద భారం వేయాల్సింది వీటన్నిటి తర్వాతే. మన దగ్గర దీన్ని తలకిందులు చేసి, ఒక్క మనిషి చేతికి డైట్ చార్ట్ ఇచ్చి ఇంటికి పంపిస్తున్నారు. ఆ ఇంట్లో ఏదీ మారదు. ఆ మనిషి మాత్రం పూటపూటా తనతో తాను పోరాడాలి.

చీటీ చెప్పే లెక్క

నలుగురున్న మధ్యతరగతి ఇంటి చీటీ నాకు ఎక్కువగా ఇలా కనిపిస్తుంది. సన్నబియ్యం 25 కిలోల బస్తా, గోధుమపిండి 5 కిలోలు, ఇడ్లీ రవ్వ 4 కిలోలు, బొంబాయి రవ్వ 2 కిలోలు, మైదా కిలో. నూనె ప్యాకెట్లు ఆరు. పంచదార 4 కిలోలు. కందిపప్పు 2 కిలోలు, మినపగుళ్లు కిలోన్నర, పెసరపప్పు అరకిలో. ఆ కింద బిస్కెట్లు, నూడుల్స్, చిప్స్, మిక్చర్ పొట్లాలు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయుల ఆహార మార్గదర్శకాలను కొత్తగా విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు కావాల్సిన మనిషికి ఏది ఎంత ఉండాలో అందులో చెప్పారు. వండకముందు తూకం ప్రకారం బియ్యం, గోధుమ, జొన్న, రాగి అన్నీ కలిపి 250 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. పండ్లు 100. పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85. వేరుశనగ, నువ్వుల వంటి గింజలు 35. పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు.

దీన్ని నలుగురికి, నెలకు హెచ్చించి చూడండి. ధాన్యాలన్నీ కలిపి 30 కిలోలు చాలు. పై చీటీలో 37 కిలోలున్నాయి. నూనె మూడున్నర లీటర్లు చాలు, చీటీలో ఆరున్నాయి. పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 10 కిలోలు కావాలి. చీటీలో పప్పులు 4 కిలోలే, ఆదివారాల కోడికూర కలిపినా లోటు తీరదు. ఇక కూరగాయలు నెలకు 48 కిలోలు రావాలి. అంటే నలుగురికి రోజుకు కిలో ఆరు వందల గ్రాములు. చాలా ఇళ్లలో అరకిలో వంకాయలు, ఒక తోటకూర కట్టతో ఆ రోజు గడిచిపోతుంది.

ఇవి పెద్దవాళ్ల సగటు లెక్కలు. ఇంట్లో చిన్నపిల్లలుంటే కొంత మారతాయి. బరువు తగ్గాల్సినవాళ్లకు ధాన్యం, నూనె ఇంకాస్త తగ్గాలి. అయినా మన ఇళ్లలో తప్పు ఎటువైపు ఉందో చూడటానికి ఈ లెక్క చాలు. అన్నం ఎక్కువ, నూనె ఎక్కువ, పప్పు తక్కువ, కూర మరీ తక్కువ. దేశమంతటా ఇదే తీరు. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2025లో ప్రచురించిన లెక్కల ప్రకారం మనవాళ్ల ఆహారంలోని శక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. దాని ఫలితం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కనిపిస్తుంది. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36 శాతం, తెలంగాణ మహిళల్లో 30 శాతం అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 24 శాతం.

పట్టుదల ఒక్కటే ఎందుకు చాలదు

తెలుగునాట ఎన్ని డైట్లు వచ్చి వెళ్లాయో అందరికీ తెలుసు. కొబ్బరినూనె తాగే డైట్ కొన్నాళ్లు ఊరూరా తిరిగింది. ఉప్పూ నూనె లేని తిండి, పదహారు గంటల ఉపవాసం, కీటో, రాత్రి భోజనం పూర్తిగా మానేయడం కూడా చూశాం. వీటిలో ఏది పట్టుకున్నా మొదటి రెండు నెలలు బరువు తగ్గుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఒకప్పుడు పది కిలోలు తగ్గినవాళ్లే. ఆ తర్వాత పన్నెండు పెరిగినవాళ్లు.

ఏ డైట్ మంచిదన్న వాదనకు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 2018లో చక్కటి సమాధానం ఇచ్చింది. 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కొవ్వు తగ్గించమని, మరో జట్టుకు పిండిపదార్థాలు తగ్గించమని చెప్పారు. ఏడాది తర్వాత మొదటి జట్టు సగటున 5.3 కిలోలు, రెండో జట్టు 6 కిలోలు తగ్గారు. లెక్కలోకి తీసుకోదగ్గ తేడా లేదు. రెండు జట్లకూ ఉమ్మడిగా చెప్పినవి కొన్ని ఉన్నాయి. కూరగాయలు బాగా తినండి. పంచదార, మైదా తగ్గించండి. వీలైనంత వరకు ఇంట్లో వండుకోండి. అంతకుముందు 2005లో బోస్టన్‌లో 160 మందితో నాలుగు పేరున్న డైట్లను పోల్చినప్పుడు కూడా ఏ డైట్ అన్నదానికన్నా దాన్ని ఎంత నిలకడగా పాటించారన్నదే బరువును నిర్ణయించింది.

మరి ఎందుకు పాటించలేరు? ఒళ్లే ఎదురు తిరుగుతుంది కాబట్టి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పరిశోధకులు 50 మందికి పది వారాల పాటు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చారు. సగటున 13.5 కిలోలు తగ్గారు. ఏడాది గడిచాక చూస్తే వాళ్ల రక్తంలో ఆకలిని పెంచే హార్మోను ఇంకా ఎక్కువగానే ఉంది, కడుపు నిండిందని చెప్పేవి తక్కువగా ఉన్నాయి. 2011లో వచ్చిన ఈ అధ్యయనాన్ని నేను ప్రతి ఇంటికీ వివరించి చెప్తాను. వేగంగా తగ్గినవాళ్లకు తిరిగి ఆకలి ముంచుకొచ్చిందంటే అది వాళ్ల బలహీనత కాదు, శరీర ధర్మం. ఆ ఆకలి వేసిన పూట అలమరలో మిక్చర్ పొట్లం ఉందా, ఉడికించిన శనగలు ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న. దానికి సమాధానం ఆ పూట దొరకదు. నెల మొదట్లో కొట్లో నిలబడినప్పుడే తేలిపోతుంది.

వారానికి అరకిలోకు మించి తగ్గాలని చూడొద్దని నేను చెప్పేది కూడా అందుకే. నెలకు రెండు కిలోలు అంటే చాలామందికి నిరుత్సాహంగా ఉంటుంది. కానీ అలా తగ్గినవాళ్లు రోజూ తినే తిండితోనే తగ్గుతారు. కాబట్టి ఎప్పుడో ఒకరోజు పాత తిండికి వెనక్కి వెళ్లాల్సిన అవసరం రాదు.

ఇంట్లో ఒక్కరే డైట్ చేస్తే

మన ఇళ్లలో వంట ఒకరిది, తిండి అందరిది. ఇంటాయనకు షుగర్ వచ్చిందని డాక్టర్ చెప్తే ఆ ఇంట్లో రెండు వంటలు మొదలవుతాయి. ఆయనకు పుల్కాలు, తక్కువ నూనెతో కూర. పిల్లలకు, అత్తగారికి మామూలు వంట. ఈ రెండు వంటలూ చేసే ఇల్లాలు ఉద్యోగం కూడా చేస్తుంటే అది ఎన్నాళ్లు సాగుతుంది? నెల తిరిగేసరికి ఒక వంటే మిగులుతుంది. అది పాత వంటే.

బరువు తగ్గాల్సింది ఇల్లాలే అయితే పరిస్థితి ఇంకా కష్టం. ఆమె కోసం వేరే వంట ఎవరూ చేయరు. తన కోసం తాను వేరే వండుకోవడం ఆమెకు తప్పుగా అనిపిస్తుంది. అందరూ తిన్నాక కూర అడుగంటుతుంది, అన్నం మిగులుతుంది. పారేయడం ఇష్టం లేక ఆ అన్నంలో పచ్చడి కలుపుకుని తింటుంది. తెనాలి పక్క నుంచి వచ్చిన ఒకావిడ నాతో అన్న మాట ఇది: "మిగిలింది నేను తినకపోతే ఇంకెవరు తింటారమ్మా?" మన రాష్ట్రాల్లో ఇంతమంది మహిళలు అధిక బరువుతో ఉండటానికి ఈ ప్రశ్న కూడా ఒక కారణమని నా నమ్మకం. ఇలాంటి ఇంటికి నేను మొదట చెప్పే సూత్రం రెండు ముక్కల్లో ఉంటుంది. బియ్యం కొలిచి పొయ్యండి. ఇల్లాలి వాటా కూర, పప్పు ముందే గిన్నెలో తీసి పెట్టండి.

అందరికీ ఒకే వంట, అందరికీ మంచి వంట. ఇదొక్కటే కలకాలం నిలుస్తుంది. బరువు పెరగని పిల్లలకు, సన్నగా ఉన్న తాతగారికి తక్కువ నూనె కూర వల్ల నష్టమేమీ లేదు. వాళ్లకు అన్నం ఇంకో గరిటె, పెరుగు ఇంకో గిన్నె, కాసిని వేరుశనగలు అదనంగా పెడితే సరిపోతుంది. వంట మారనక్కర్లేదు, వడ్డన మారితే చాలు.

ఏ వరుసలో మార్చాలి

అన్నీ ఒకేసారి మార్చాలనుకున్న ఇళ్లలో ఏదీ నిలవదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక కొత్త పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజుల వరకు పట్టేలా ఉంది. అందుకని ఒక్కో మార్పుకు రెండు నెలలు ఇవ్వమంటాను. నేను చెప్పే వరుస ఇది.

మొదటిది నూనె. రుచి పెద్దగా పోకుండా కేలరీలు బాగా తగ్గేది ఇక్కడే. ఆరు లీటర్లు వాడే ఇల్లు మూడున్నరకు వస్తే మనిషికి రోజుకు సుమారు 170 కేలరీలు తగ్గుతాయి. దానికో పద్ధతి ఉంది. పొయ్యి పక్కన పెద్ద క్యాన్ పెట్టుకోవద్దు. ప్రతి ఆదివారం పొద్దున 800 మిల్లీలీటర్లు ఒక సీసాలో పోసుకోండి. వారమంతా నలుగురికీ అదే. గురువారానికే అయిపోతే ఏ కూరకు పోయిందో ఇంట్లో అందరికీ తెలుస్తుంది. దొండకాయ, బెండకాయ, బంగాళాదుంప వేపుళ్లు వారానికి ఒకసారికి వస్తాయి. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, గోరుచిక్కుడు వంటివి మూతపెట్టి సొంత నీళ్లలో మగ్గించి పోపు వేస్తే రెండు చెంచాల నూనె చాలు. ఏ నూనె మంచిదని నన్ను చాలామంది అడుగుతారు. వేరుశనగ అయినా నువ్వుల నూనె అయినా నెయ్యి అయినా గ్రాముకు తొమ్మిది కేలరీలే. ముందు ఎంత అన్నది తేలాలి, ఏది అన్నది తర్వాత.

రెండోది టీ, కాఫీల్లో పంచదార. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాలంటే 40 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మేలైన హద్దు, అన్ని రూపాల్లో కలిపి, రోజుకు 25 గ్రాములు. వారానికి పావు చెంచా చొప్పున తగ్గించుకుంటూ వస్తే నాలుక అలవాటు పడుతుంది. పంచదార మానేసి బెల్లం వేసుకుంటున్నామని కొందరు ధీమాగా చెప్తారు. కేలరీల్లో చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

మూడోది పప్పు, కూర పెంచడం. ఇక్కడ ఏదీ మానమని చెప్పను, కలపమనే చెప్తాను. పలచటి పప్పుకు బదులు ముద్దపప్పులా చిక్కగా వండండి. పాలకూర, బచ్చలి, గోంగూర, చుక్కకూర, మునగాకు, ఏది దొరికితే అది పప్పులో వేయండి. వారానికి రెండు రోజులు పెసరట్టు, రెండు రోజులు ఉడికించిన గుడ్డు టిఫిన్‌లోకి రావాలి. సాయంత్రం ఆకలికి శనగలో, పెసలో, అలసందలో గుగ్గిళ్లు వేయాలి. బడి నుంచి వచ్చిన పిల్లలకు కూడా అవే పెట్టాలి.

నాలుగోది, అన్నిటికన్నా చివర, అన్నం. తెలుగువాళ్లకు అన్నం మానమని చెప్పే డైట్ ఏదీ నిలవదు, నిలవాల్సిన అవసరమూ లేదు. మన భోజనం తీరు మాత్రం గమనించాలి. పచ్చడికి కొంత అన్నం, పప్పుకు కొంత, కూరకు కొంత, పులుసుకో చారుకో కొంత, చివర పెరుగుకు మళ్లీ కొంత. ఒక్క భోజనంలో అయిదుసార్లు అన్నం కలుపుతాం. ప్రతిసారీ అన్నం ఎక్కువ, కలుపుకునేది తక్కువ. దీన్ని రెండుసార్లకు తేవాలి. ముందు గిన్నెడు కూర ఉత్తదే తినండి. తర్వాత పప్పుతో ఒకసారి, పులుసుతోనో చారుతోనో ఒకసారి అన్నం కలుపుకోండి. పెరుగు గిన్నెలో వేసుకుని చెంచాతో తినండి. కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత తింటే భోజనం తర్వాత రక్తంలో చక్కెర కూడా అంతగా ఎగబాకదు. ఈ ఒక్క మార్పుతో పూటకు రెండు గరిటెల అన్నం తగ్గిన ఇళ్లు నాకు తెలుసు. ఆకలితో లేచామని వాళ్లెవరూ చెప్పలేదు.

చిరుధాన్యాల గురించి ఒక హెచ్చరిక. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పట్టిక ప్రకారం వంద గ్రాముల బియ్యంలో 356 కేలరీలుంటే జొన్నల్లో 334, రాగుల్లో 321 ఉన్నాయి. అంటే కేలరీల్లో తేడా కొద్దిగానే. అసలు తేడా పీచులో ఉంది. బియ్యంలో 3 గ్రాముల లోపు, జొన్నల్లో 10 గ్రాములు, రాగుల్లో 11 గ్రాములు. అందుకే రెండు జొన్నరొట్టెలతో ఆకలి తీరుతుంది. అవి మంచివని నాలుగు తింటే మాత్రం బరువు తగ్గదు. కొర్రన్నమైనా కంచం నిండా పెట్టుకుంటే అంతే.

పండగలు, పెళ్లిళ్లు, బేకరీలు

సంక్రాంతికి అరిసెలు, వినాయక చవితికి ఉండ్రాళ్లు, ఉగాదికి బొబ్బట్లు వద్దనే హక్కు ఏ డైటీషియన్‌కూ లేదు. పండగ ఏడాదికి ఒకసారి వస్తుంది. దానివల్ల ఎవరి నడుమూ పెరగదు. పండగకు చేసిన జంతికల డబ్బా నెలాఖరు దాకా టీతో పాటు ఖాళీ అవుతుంటేనే పెరుగుతుంది. కాబట్టి పండగ రోజు తృప్తిగా తినండి. మర్నాటికి పంచిపెట్టండి. పిండివంటలు పంచుకోవడం మనకు ఎప్పటి నుంచో ఉన్న సంప్రదాయమే.

పెళ్లిళ్ల సీజన్‌లో వారానికి మూడు విందులున్నవాళ్లకు నేను చెప్పేది, ఆ మర్నాడు ఉపవాసం చేయొద్దని. మామూలు భోజనానికి మామూలు వేళకు తిరిగి రావడమే నేర్చుకోవాల్సిన అలవాటు. ఒక పూట ఎక్కువ తిన్నామన్న బాధతో మర్నాడు కడుపు మాడ్చుకుంటే ఆ సాయంత్రం మళ్లీ ఎక్కువే తింటారు.

అసలు పోరాటం బేకరీతోనూ పొట్లాలతోనూ. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2019లో 20 మందిని తమ దగ్గరే ఉంచుకుని రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టింది. రెండింటిలోనూ పంచదార, కొవ్వు, పీచు, ఉప్పు సమానంగా ఉండేలా చూశారు. ఎంత కావాలంటే అంత తినొచ్చు. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. దీన్నుంచి ఇంటికి తెచ్చుకోవాల్సిన పాఠం సూటిగానే ఉంది. చిప్స్, క్రీమ్ బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, నూడుల్స్ ఇంట్లో నిల్వ పెట్టొద్దు. పిల్లలు అడిగిన రోజు ఒక చిన్న పొట్లం కొని అప్పుడే తినేయండి. నెల సరుకుల్లో మాత్రం వాటికి చోటు ఉండకూడదు.

నాకు ఎదురయ్యే ప్రశ్నలు

"మా తాతలు గంపెడన్నం తిన్నారు, సన్నగానే ఉన్నారు కదా" అంటారు. నిజమే. వాళ్లు నాట్లు వేశారు, కోత కోశారు, బస్తాలు మోశారు, పక్క ఊరికి నడిచి వెళ్లారు. మనం పాలప్యాకెట్‌కు కూడా బండి తీస్తున్నాం. వాళ్ల కష్టాన్ని వదిలేసి వాళ్ల అన్నం కొలతను మాత్రం ఉంచుకున్నాం.

"ఇదంతా ఖర్చుతో కూడిన పని" అని మరికొందరంటారు. మధ్యతరగతి చీటీ వరకు ఈ మాట నిలవదు. తగ్గిన రెండున్నర లీటర్ల నూనె, కిలో పంచదార, చిప్స్, బిస్కెట్ల డబ్బుతో మూడు కిలోల పప్పు, ఒక ట్రే గుడ్లు వస్తాయి. కూలి పని మీద బతికే ఇళ్లకు మాత్రం ఆ మాట నిజం. రోజుకు కిలోన్నర కూరగాయలు కొనమని నేను వాళ్లకు చెప్పలేను. ఆ విషయం చివర చెప్తాను.

"ఇంజెక్షన్ వేయించుకుంటే సరిపోదా?" అన్నది కొత్త ప్రశ్న. 2025లో మౌంజారో, వెగోవీ మన దేశంలో అందుబాటులోకి వచ్చాయి. ఊబకాయం తీవ్రంగా ఉన్నవాళ్లకు, దానివల్ల జబ్బులున్నవాళ్లకు అవి మేలు చేస్తాయి. డాక్టర్ రాస్తే వాడాల్సిందే. అయితే వెగోవీలోని సెమాగ్లూటైడ్ ఆపేసినవాళ్లను ఏడాది పాటు గమనించిన అధ్యయనంలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. మందు ఆకలిని తగ్గిస్తుంది. తగ్గిన ఆ ఆకలికి ఏం పెట్టాలో చెప్పేది మళ్లీ వంటిల్లే.

మరో ముఖ్యమైన మాట. షుగర్‌కు ఇన్సులిన్‌గానీ కొన్ని రకాల మాత్రలుగానీ వాడేవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పప్పు, గుడ్లు ఇష్టానికి పెంచకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు బరువు తగ్గే ప్రయత్నం సొంతంగా చేయకూడదు. వీళ్లంతా డాక్టరును అడిగాకే ఏ మార్పైనా మొదలుపెట్టాలి.

ఫలితాన్ని బరువు యంత్రం మీద మాత్రమే వెతకొద్దు. నెలకోసారి టేపుతో నడుము కొలవండి. మనవాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో, షుగర్ అంచున ఉన్నవాళ్లు తిండి, నడక మార్చుకుంటే వాళ్లకు మధుమేహం వచ్చే ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది. వాళ్ల బరువులో పెద్దగా మార్పు లేకుండానే ఆ మేలు జరిగింది. ముల్లు కదలలేదని అలవాటు వదిలేయడం ఎంత నష్టమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ప్రభుత్వం చేయాల్సింది

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు తెలుగు పల్లెల్లో సమస్య ఆకలి. అన్నం చూడని ఇళ్లకు అది అన్నం పెట్టింది. ఆ గొప్పతనం చెరగదు. నాలుగు దశాబ్దాల తర్వాత కూడా రేషన్ అంటే మనకు ప్రధానంగా బియ్యమే. తెలంగాణ 2025 ఉగాది నుంచి మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తోంది. బియ్యం ఉచితంగా వచ్చి, పప్పూ కూరా కొనుక్కోవాల్సి వచ్చే ఇంట్లో కంచం దేనితో నిండుతుందో చెప్పక్కర్లేదు. ఆ ఇంటి ఆడవాళ్లలో ఒకే మనిషికి రక్తహీనత, అధిక బరువు రెండూ ఉండటం నేను తరచూ చూస్తున్నాను. కేలరీలకు లోటు లేదు, మాంసకృత్తులకు, ఇనుముకు, పీచుకు లోటు.

అందుకే రెండు ప్రభుత్వాలనూ నేను అడిగేది ఇది. రేషన్ బియ్యంలో కొంత భాగానికి బదులు జొన్నలో రాగులో ఎంచుకునే వీలు ప్రతి కార్డుకూ, ప్రతి నెలా ఉండాలి. మనిషికి కనీసం కిలో పప్పు రాయితీపై నికరంగా అందాలి. 1999లో మొదలైన రైతు బజార్లు పెద్ద ఊళ్లకే పరిమితం కాకుండా మండల కేంద్రాలకు రావాలి. పని ముగించుకుని వచ్చే కూలీలకు అందేలా సాయంత్రాలు తెరిచి ఉండాలి. బడి గేట్ల ముందు చిప్స్, కూల్‌డ్రింకుల అమ్మకం ఆగాలి. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఒక పోషకాహార నిపుణురాలి పోస్టు ఉండాలి. షుగర్, బీపీ మాత్రలు నెలనెలా పంచడానికి వెచ్చించే డబ్బులో చిన్న వాటా చాలు దీనికి.

కలిగినవాళ్ల ఇళ్లలో ఈ మార్పుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంటి పెద్దలు ఒక సాయంత్రం కూర్చుని నిర్ణయించుకుంటే చాలు. లేనివాళ్ల ఇళ్లలో అది ప్రభుత్వం ఇచ్చే సంచిలో ఏముందన్నదాని మీద ఆధారపడి ఉంది. బియ్యంతో ఆకలిని గెలిచిన రాష్ట్రాలు పప్పుతో, కూరతో, గుడ్డుతో ఊబకాయాన్నీ మధుమేహాన్నీ గెలవగలవు. అలా చేసి చూపించమని అడిగే హక్కు ఓటు వేసే ప్రతి ఇల్లాలికీ ఉంది.